చేతికి తగిన హ్యాండిలు
మోటారు సైకిలు నడుపు రైతు సోదరులకు కొన్ని సూచనలు

కనకమామిడి, మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతముల రైతునకు నేడు మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. అది నాగలివలె, పారవలె ఒక పనిముట్టు. తెల్లవారుజామున చామంతి, బంతి, గులాబి పూల మూటలను గుడిమల్కాపురము మార్కెట్టునకు చేర్చునది అదియే. పాల క్యానులు మోయునది, ఎరువు బస్తా తెచ్చునది, పొలము గట్టునకు కూలివారి సద్ది చేరవేయునది అదియే. కనకమామిడి నుండి మెహిదీపట్నము వైపునకు ఇంచుమించు 30 కిలోమీటర్ల దారి. పోవుటకు ఒక గంట, వచ్చుటకు ఒక గంట. దినమునకు రెండు గంటలు చేతులతో పట్టుకొని యుండవలసిన పనిముట్టు మరి యేదియు నేడు మన యిండ్లలో లేదు.

పనిముట్టును గూర్చి రైతునకు వేరొకరు చెప్పవలసిన పని లేదు. నాగలి చేయించుకొనునపుడు వడ్రంగి దున్నువాని యెత్తు చూచి మేడి నమర్చెడివాడు. మేడి పొట్టిదైనచో దున్నువాని నడుము వంగును. పొడవైనచో భుజములు పైకి లేచును. రెండింట నేది యైనను జాము పొద్దెక్కకముందే మనిషి అలసిపోవును. పారకు కామ, కొడవలికి పిడి, గొడ్డలికి కర్ర, ఇవన్నియు పట్టువాని చేతికి తగినట్లు చెక్కించుకొనుట మన పెద్దల ఆచారము. ఇంటిలో ఇద్దరన్నదమ్ములున్నచో ఇద్దరికి రెండు కొడవళ్లుండును గాని, ఒకని కొడవలి రెండవ వానికి నచ్చదు.

మోటారు సైకిలు విషయమున మాత్రము ఇట్టి ఆలోచన అరుదు. షోరూములో బండి యెట్లున్నదో అట్లే తెచ్చి, హ్యాండిలు ఎట్లున్నదో అట్లే పట్టి, పది సంవత్సరములు నడుపువారే హెచ్చు. చేయి తిమ్మిరి యెక్కినచో విదిలించుకొని, మెడ పట్టినచో జండూబాము రాచుకొని, అది బండి గుణమనియో, వయసు గుణమనియో సరిపెట్టుకొందురు. అందు చాల భాగము వయసు గుణము కాదు, హ్యాండిలు గుణమే. అది సవరించుకొనదగినది, పలుమారు కానీ ఖర్చు లేకయే సవరించుకొనదగినది. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇంతయే.

సగటు మనిషికి చేసిన బండి

రెండు చక్రముల బండికి హ్యాండిలు పుట్టుక 1817 నాటిది. ఆ సంవత్సరమున జర్మనీ దేశపు మన్‌హైము నగరమున కార్ల్ డ్రయిస్ అనునతడు కాళ్లతో నేలను తన్నుచు పోవు రెండు చక్రముల బండిని నడిపి చూపెను. ముందు చక్రమును త్రిప్పుటకు చేతికర్ర గాక, ముంజేతులు ఆనుకొనుటకు మెత్త వేసిన బల్లను గూడ అతడు దాని కమర్చెను. అనగా మొట్టమొదటి బండి చేసినవాడే చేతుల సుఖమును గూర్చి ఆలోచించినాడు.

మన దేశమున 1955 లో మద్రాసునందు ఎన్‌ఫీల్డు వారి బుల్లెట్టు తయారీ ఆరంభమయ్యెను. దాని హ్యాండిలు వెడల్పుగా, ఎత్తుగా, నడుపువాని వైపునకు వంగి యుండుటచేత నిటారుగా కూర్చుండ వీలగుచుండెను. 1985 లో హీరో హోండా సి.డి. 100, 1994 లో స్ప్లెండరు వచ్చిన పిమ్మట తేలికపాటి బండ్లు పల్లెపల్లెకు చేరినవి. వీని హ్యాండిలు నిత్యము నడుపువారికి తగినట్లు మధ్యరకమైన ఎత్తుతో నుండును. ఈ మధ్య యువకులు మోజుపడి కొను పందెపు బండ్ల పోలిక వానికి హ్యాండిలు క్రిందికి, దూరముగా నుండును. వేగముగా పోవునపుడు ఎదురుగాలి రొమ్మును కొంత లేపి పట్టుటచే చేతులమీద బరువు తగ్గును. కాని గతుకుల దారిలో, మార్కెట్టు రద్దీలో మెల్లగా పోవునపుడు పైమేని బరువంతయు అరచేతులమీదనే పడును. పందెమునకు తగినది పాల క్యానునకు తగదు.

ఏ రకమైనను అది కర్మాగారము వారు ఒక సగటు మనిషిని ఊహించి చేసినదే. ఆ సగటు మనిషి మన యూరిలో వెదకినను దొరకడు. ఒకడు ఆరడుగులవాడు, ఒకడు అయిదడుగులవాడు. ఒకే ఎత్తువారిలో గూడ ఒకనికి చేతులు పొడవు, ఒకనికి మొండెము పొడవు. ఈ సంగతి గుర్తించియే భోపాలులోని కేంద్రీయ వ్యవసాయ యంత్ర పరిశోధన సంస్థ వారు ఇతర సంస్థల తోడ్పాటుతో పలు రాష్ట్రములలో వ్యవసాయపు పనివారల శరీరముల కొలతలు తీయించిరి. స్త్రీల కొలతలు వేరుగా తీసిరి. పురుషునికి చేసిన పనిముట్టు స్త్రీకి తగదని ఆ కొలతల వలన తేటపడుచున్నది. నేడు మన ఆడపడుచులు స్కూటర్లు నడిపి పాలు, కూరగాయలు చేరవేయుచున్న కాలమున ఇది మరువరాని మాట.

శరీరము చెప్పు గుర్తులు

ఎద్దు కుంటినపుడు ఏ గిట్టలో ముల్లున్నదో రైతు కనిపెట్టును. అట్లే తన శరీరము చెప్పు గుర్తులను గూడ కనిపెట్టవలెను. ఏ భాగము నొచ్చుచున్నదో, ఏ వ్రేలు తిమ్మిరెక్కుచున్నదో దానిని బట్టి తప్పు ఎక్కడ నున్నదో కొంత ఊహింపవచ్చును.

చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు మొద్దుబారుచున్నచో, అరచేతి వెలుపలి అంచున పోవు నరము నొక్కబడుచున్నదని గుర్తు. హ్యాండిలు మరీ క్రిందికో దూరముగనో యుండి, మేని బరువు అరచేతి మడమమీద పడుటయో, లేక మణికట్టు ప్రక్కకు వంగి యుండుటయో దీనికి తరచు కారణము.

బొటన వ్రేలు, చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు తిమ్మిరెక్కుచున్నచో, మణికట్టు నడుమ ఇరుకు సందున పోవు వేరొక నరము నొక్కబడుచున్నదని గుర్తు. క్లచ్చి, బ్రేకు లీవర్లు మరీ పైకి బిగించి యుండుటచేత చేయి వాని నందుకొనుటకై మణికట్టు వద్ద వెనుకకు విరిగి యుండుట ఇందుకు సాధారణ కారణము.

రెండు భుజముల నడుమ, మెడ వెనుక నొప్పి యున్నచో హ్యాండిలు దూరమైనదని గాని, మరీ ఎత్తైనదని గాని తలపవలెను. నడుము క్రింది భాగమున నొప్పి యున్నచో హ్యాండిలు అందక మనిషి ముందుకు గూనిగిల్లి కూర్చుండుచున్నాడేమో చూడవలెను. ముంజేతి కండ పట్టివేయుచున్నచో క్లచ్చి తీగ ఎండి గట్టిపడినదో, లీవరు వ్రేళ్లకు దూరమైనదో పరీక్షింపవలెను.

ఒక హెచ్చరిక. బండి దిగిన పిదప గూడ తిమ్మిరి పోకున్నను, రాత్రివేళ నిద్ర లేపుచున్నను, చేతిలోని వస్తువులు జారిపోవుచున్నను వైద్యునికి చూపుకొనవలెను. మధుమేహము వలన గూడ చేతులు కాళ్లు మొద్దుబారును. అన్నిటికిని హ్యాండిలుపై నెపము పెట్టి ఆలస్యము చేయరాదు.

ఇది సుఖమునకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. మొద్దుబారిన చేయి బ్రేకును ఎంత నొక్కినదో తెలిసికొనలేదు. అప్పా కూడలి నుండి మన్నెగూడ దాక పోవు మన బీజాపురము రోడ్డు ఇరుప్రక్కల వందలాది మఱ్ఱిచెట్లతో చూచుటకు సొంపైనదే గాని, టిప్పర్లు, లారీలు, బస్సులు ఒకదాని నొకటి ఒరసికొని పోవు దారి. 2025 నవంబరు 3వ తేదీన మీర్జాగూడ వద్ద బస్సును కంకర టిప్పరు ఢీకొనినపుడు ఎందరి ప్రాణములు పోయినవో ఈ ప్రాంతమున ఎరుగని వారు లేరు. ఎదుటివారి తప్పును మనము ఆపలేము. మన చేయి మన స్వాధీనమున నుండునట్లు మాత్రము చూచుకొనవచ్చును. అట్టి దారిలో అరక్షణము ముందు పడిన బ్రేకు ఒక కుటుంబమును నిలుపును.

కొలుచుకొను విధము

కొలతకు పెద్ద యంత్రము లక్కర లేదు. బండిని చదునైన నేలమీద నడిమి స్టాండుపై నిలుపవలెను. నడిమి స్టాండు లేనిచో ఒకరు వెనుక నుండి నిటారుగా పట్టుకొనవలెను. ప్రతిదినము కూర్చుండునట్లే కూర్చుండి, కాళ్లు ఫుట్ రెస్టులపై నుంచవలెను. రెండు చేతులను ప్రక్కలకు వ్రేలాడవేసి, భుజములను ఒకసారి పైకెత్తి వదలవలెను. పిమ్మట కన్నులు మూసికొని, చేతులు తమంతట తాము ఎక్కడికి పోయిన హాయిగా నుండునో అక్కడికి చాపి పిడికిలి పట్టవలెను. ఇక కన్నులు తెరచి చూడుడు. పిడికిళ్లకు గ్రిప్పులకు నడుమ దూరమెంత? గ్రిప్పులు క్రిందనున్నవా, ముందునున్నవా, మరీ ఎడముగా నున్నవా? ఆ తేడాయే మీరు సవరించుకొనవలసిన కొలత.

ప్రక్కనుండి చూచువాడు ఒకడున్న మంచిది. అతడు మూడు సంగతులు చూడవలెను. మోచేయి కొంచెము వంగి యున్నదా? కఱ్ఱవలె బిగుసుకొని యున్నచో గతుకుల దెబ్బ నేరుగా భుజమునకు తగులును. మణికట్టు తిన్నగా నున్నదా? ముంజేయి, పిడికిలి వెనుక భాగము ఒకే గీటులో నుండవలెను; అట్టి చోట ఒక చెరకు గడను ఆనించి చూచిన తెలియును. చేతులు వదలినను నడుము తనంతట తాను నిలుచునా? నిలువకున్నచో ఆ బరువంతయు అరచేతులు మోయుచున్నవని అర్థము.

వెడల్పు గూర్చి ఒక మాట. నిత్యోపయోగపు బండ్ల హ్యాండిళ్లు సాధారణముగా 70 నుండి 80 సెంటీమీటర్ల వెడల్పు గలవి. వెడల్పైన హ్యాండిలు మీటవలె పని చేయును గనుక బరువుతో నున్న బండిని తేలికగా త్రిప్పవచ్చును. ఇరుకు సందులలో మాత్రము చిక్కు. ఇరుకైనది రద్దీలో దూరును గాని త్రిప్పుటకు బలము హెచ్చుగా కావలెను. బుజముల వెడల్పుకంటె కొంచెము హెచ్చుగా నున్నది చాలమందికి తగియుండును.

ఖర్చు లేని సవరణలు

మొదట లీవర్లు. క్లచ్చి, బ్రేకు లీవర్ల పట్టీలను ఒక పానాతోనో ఎలన్ కీ తోనో కొంచెము వదులు చేసి, పైకి గాని క్రిందికి గాని త్రిప్పవచ్చును. కూర్చుండి వ్రేళ్లు చాపినపుడు ముంజేయి, వ్రేళ్లు, లీవరు ఒకే వాలులో నుండునట్లు బిగింపవలెను. పొడవైనవాడు పైనుండి చేయి వేయును గాన లీవరు కొంచెము క్రిందికి, పొట్టివాడు కొంచెము పైకి త్రిప్పుకొందురు. ఈ చిన్న సవరణతోనే అనేకుల తిమ్మిరి తగ్గును. డిస్కు బ్రేకు గల బండిలో నూనె డబ్బా మరీ ఒరిగిపోకుండునట్లు చూడవలెను.

రెండవది క్లచ్చి తీగ. చాల బండ్లకు లీవరు కొన యొద్ద 10 నుండి 20 మిల్లీమీటర్ల వదులుండవలెనని తయారుదారులు చెప్పుదురు. తీగకు నూనె వేసి, ఈ వదులు సరిచూచిన చేతిశ్రమ తగ్గును.

మూడవది హ్యాండిలునే త్రిప్పుట. నడుమనున్న క్లాంపు బోల్టులను వదులు చేసిన, హ్యాండిలు గొట్టము కొంచెము ముందుకు గాని వెనుకకు గాని తిరుగును. త్రిప్పకముందు పాత స్థానమున సున్నముతోనో రంగుతోనో ఒక గుర్తు పెట్టుకొనవలెను. ఒకేసారి గోరంత మాత్రమే త్రిప్పి, రెండు మూడు దినములు నడిపి చూడవలెను. ఆత్రముతో ఒకే దినమున అన్నియు మార్చిన, ఏది మేలు చేసినదో ఏది కీడు చేసినదో తెలియదు. బోల్టులను బండితో నిచ్చిన పుస్తకమున చెప్పినంత బిగువే బిగింపవలెను. తక్కువైన హ్యాండిలు జారును. అతిగా బిగించిన క్లాంపు పగులును. రెండును ప్రాణాపాయకరములే.

స్కూటర్లలో హ్యాండిలు త్రిప్పు వీలు చాలవరకు ఉండదు. అట్టి బండిని కొనకముందే పై విధమున కూర్చుండి చూచుకొనుట యొకటే మార్గము. పది నిమిషములైనను దానిమీద కూర్చుండక బేరము తేల్చరాదు. ఎద్దును కొనునపుడు నడిపించి చూడక పగ్గము పట్టుకొనువా డెవడు?

తండ్రియు కొడుకులును ఒకే బండిని నడుపు ఇండ్లు చాల కలవు. హెచ్చుదూరము నడుపువానికి తగినట్లు హ్యాండిలు నమర్చుట న్యాయము. తక్కినవారి లీవరు స్థానములను వేరువేరు రంగుల గీట్లతో గుర్తించిన, అవసరమైనపుడు అయిదు నిమిషములలో మార్చుకొనవచ్చును.

హ్యాండిలు మార్చవలసి వచ్చినపుడు

ఈ సవరణలతో తేడా తీరనిచో మారు హ్యాండిలు గూర్చి ఆలోచింపవలెను. నాలుగు కొలతలు చూడవలెను: వెడల్పు, ఎత్తు, నడుపువాని వైపునకు వంపు, క్లాంపు వద్ద గొట్టపు లావు. చిన్న బండ్లలో చాలవానికి ఈ లావు 22 మిల్లీమీటర్లు. కొన్ని పెద్ద బండ్లకు 28 మిల్లీమీటర్లు. లావు సరిపడక రేకు ముక్కలు దోపి బిగించు మిస్త్రీ మాట వినరాదు. రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే కావలసినచో క్లాంపు క్రింద పెట్టు రైజర్లు గూడ దొరకును.

మార్చిన పిదప పరీక్ష తప్పదు. ఇంజను నడుచుచుండగా, గేరు వేయక, హ్యాండిలును పూర్తిగా ఎడమకును పూర్తిగా కుడికిని త్రిప్పవలెను. ఇంజను మోత పెరిగినచో ఎక్సిలరేటరు తీగ చాలలేదని అర్థము. మలుపులో బండి తనంతట తాను దూకును. బ్రేకు గొట్టము, తీగలు, విద్యుత్తు తీగల కట్ట ఎక్కడను లాగబడరాదు. పిడికిలి టాంకీకి తగులరాదు. వీనిలో నే యొక్కటి తప్పినను ఆ హ్యాండిలు ఆ బండికి తగదు.

చట్టము గూడ తెలిసి యుండవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి, రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములు తయారుదారు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తన తీర్పున ఈ నియమమును గట్టిగా నిలిపెను. కావున ఆ బండికని తయారుదారే అమ్ము హ్యాండిలు కొనుట మేలు. సందేహమున్నచో రవాణా శాఖ కార్యాలయమున ముందే విచారింపవలెను. ప్రమాదము జరిగినపుడు బీమావారు అభ్యంతరము చెప్పుటకు మనమే దారి చూపరాదు.

అదురు, బరువు

ఇంజను అదురు గ్రిప్పుల గుండ చేతికి వచ్చును. మెత్తని రబ్బరు గ్రిప్పులు, హ్యాండిలు కొనలయందు బిగించు ఇనుప గుండ్లు దానిని కొంత తగ్గించును. కొన్ని బండ్లకు ఈ గుండ్లు ముందే యుండును. పడిపోయినచో అలంకారమని యుపేక్షింపక మరల పెట్టించుకొనవలెను. యూరపు దేశములలో 2002 నాటి శాసనము పనివారి చేతులకు తగులు అదురునకు దినపు హద్దు విధించెను. అదురు వలన చేతి నరములు, రక్తనాళములు చెడునని అక్కడివారు గుర్తించుటయే ఇందుకు కారణము. ఉదయము బండి, పగలు పవరు టిల్లరు, సాయంత్రము గడ్డి కోయు యంత్రము పట్టు రైతునకు ఈ అదురు మూడింతలుగా చేరునని గమనింపవలెను. గంట కొకసారి ఆగి చేతులు సాచుట సోమరితనము కాదు.

హ్యాండిలునకు సంచులు, పాల క్యానులు తగిలించుట మన ప్రాంతమున మామూలు. అది మంచిది కాదు. అటు నిటు ఊగు బరువు హ్యాండిలును లాగును. దానిని ఆపుటకు చేతులు ఎడతెగక బిగువుగా నుండవలెను. ఒక్కొక్కప్పుడు సంచి చక్రమునకు తగిలి బండి బోర్లపడును. వెనుకవైపు మరీ హెచ్చు గడ్డి మోపు కట్టిన, ముందు చక్రము తేలికయై హ్యాండిలు మాట వినదు. బరువు సీటు వెనుక, క్రిందుగా, ఇరుప్రక్కల సమముగా నుండవలెను. బరువుతో పోవు దినమున హ్యాండిలు ఎట్లున్నదో ఆ దినముననే పరీక్షించుట మంచిది. వట్టి బండిపై సరియనిపించినది నిండు బండిపై సరికాకపోవచ్చును.

సంఘములు చేయదగినది

ఒక్కరికి భారమైనది పదిమందికి తేలిక యగుటయే సహకారము. ఒక గ్రామ సంఘమున మంచి పానాల పెట్టె, బిగువు కొలుచు పానా ఒకటి యుంచిన, సభ్యు లందరు వంతులవారీగా వాడుకొనవచ్చును. సంవత్సరమున కొక దినము, నాట్లకు ముందు తీరికగా నున్నపుడు, తెలిసిన మెకానిక్కును పిలిపించి సభ్యుల బండ్ల హ్యాండిళ్లు, లీవర్లు, బ్రేకులు సరిచేయించు ఏర్పాటు చేయవచ్చును. గ్రిప్పులు, తీగలు, లీవర్లు టోకుగా కొనిన ధర తగ్గును. నకిలీ సరకు బెడద గూడ తప్పును. విత్తనములకు, ఎరువులకు మనము చేయుచున్న పనియే ఇది. స్త్రీ సభ్యుల స్కూటర్లను గూడ ఆ దినమున తప్పక చేర్చవలెను.

సోదరులారా! నొప్పిని ఓర్చుకొనుట మన రైతు జాతికి పుట్టుకతో వచ్చిన గుణము. ఎండను, వానను, అప్పును ఓర్చుకొనక తప్పదు. ఒక ఎలన్ కీ తో తీరు నొప్పిని ఓర్చుకొనుట మాత్రము ఓర్పు అనిపించుకొనదు. రేపు మార్కెట్టుకు బయలుదేరక ముందు, హెల్మెట్టు పెట్టుకొనక ముందు, అయిదు నిమిషములు బండిపై కూర్చుండి కన్నులు మూసికొని చేతులు చాపి చూడుడు. అవి ఎక్కడ నిలిచినవో అక్కడికి హ్యాండిలును తెచ్చుకొనుడు.